ఎవరు చేశారు తాతయ్యా?

కృతజ్ఞత యను మాటకు అర్థమేమని నన్నెవరైన నడిగినచో తడుముకొనకుండ చెప్పగలను. కృతము అనగా చేయబడినది. జ్ఞుడు అనగా ఎరిగినవాడు. తనకొరకు చేయబడినదానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు; దానిని మనసులో చంపివేసినవాడు కృతఘ్నుడు. ముప్పదినాలుగు సంవత్సరములు తెలుగు పంతులుగా పనిచేసి, ఏటేట ఈ రెండు మాటలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి, పిల్లలచేత పలుమారులు పలికించి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా నిచ్చినవాడను. ఇంత చేసియు, ఆ పదములో పొగడ్త లేదనియు, నమస్కారము లేదనియు, ఉన్నది ఎరుక మాత్రమేననియు నాకెన్నడును తోచలేదు. ఆ సంగతిని నాకు నేర్పినది ఆరేండ్ల నా మనుమరాలు. నేర్పవలెనని ఆమె నేర్పలేదు. చేతిలో నొక బెల్లపు ముక్క పట్టుకొని యొక ప్రశ్న యడిగినది; అంతే.

మాది అనకాపల్లి. ఈ పేరు చెవిని బడగానే తెలుగువారికి ముందుగా బెల్లమే జ్ఞప్తికి వచ్చును. ఊరి చెంత శారదానది. చుట్టుప్రక్కల చెరకు తోటలు. ఊరిలో, దేశమునందలి పెద్ద బెల్లపు బజారులలో నొకటిగా పేరొందిన బజారు. ఇచట 1913లో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన స్థానము నూరేండ్లు దాటియు చెరకును గూర్చి పని సాగించుచున్నది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్టణము జిల్లానుండి విడివడి, ఈ యూరి పేరనే యొక జిల్లా యేర్పడినది. ఇట్టిచోట పుట్టి పెరిగినవానికి బెల్లము గాలివంటిది. గాలి యున్నదని యెవడు తలచును? ఊపిరాడనప్పుడు గదా దానిని తలచుట!

నా సంగతి కొంత చెప్పక తప్పదు. రెండేండ్ల క్రిందట నా భార్య గతించినది. మా యింట పూజల యార్భాటము మా తాతగారి కాలమునుండియే లేదు. ఆయన వీరేశలింగము పంతులుగారి రచనలు చదివి మనసు మార్చుకొనినవారు. సాయంకాలమున నొక దీపము పెట్టి, ఇంటివారందరును కన్నులు మూసికొని కొంతసేపు మౌనముగా కూర్చుండుట మాత్రము ఆయన పెట్టిన యాచారము. పిల్లలు పెద్దవారై వెళ్లిపోయిన పిమ్మట నేనును నా భార్యయు ఇద్దరమే కూర్చుండువారము. ఆమె పోయిన నాటినుండి నేను దీపము వెలిగించుట మానితిని. దేవునితో తగవు పడితినని కాదు. ఆయనతో చెప్పదగిన మాట యేదియు నాయొద్ద మిగులలేదని తోచినది. వేళకు అన్నము వచ్చుచుండెను, తినుచుంటిని. హైదరాబాదునుండి మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, భోంచేశారా?" అని అడుగుచుండెను. చేసితినని చెప్పుచుంటిని. ఏమి తింటిరని యడిగినచో చెప్పజాలకపోయెడివాడను.

గడచిన సంక్రాంతికి మా అమ్మాయి బిడ్డను దీసికొని వచ్చినది. భోగికి ముందునాటి యుదయమున నేను వీధి గదిలో పత్రిక చదువుకొనుచుండగా, మనుమరాలు వంటింటినుండి బెల్లపు ముక్కయొకటి దెచ్చి, కిటికీలోనుండి పడుచున్న యెండకు ఎత్తిపట్టి చూచుచుండెను. తినుట లేదు, చూచుచుండెను. అటు త్రిప్పును, ఇటు త్రిప్పును.

"తాతయ్యా! ఇందులో నక్షత్రాలున్నాయి."

పత్రికనుండి తల యెత్తకయే, అవి చక్కెర పలుకులని చెప్పితిని.

"ఎవరు చేశారు తాతయ్యా?"

"అంగడిలో కొన్నాము."

"అంగడాయన చేశాడా?"

"కాదు. రైతులు చేస్తారు."

"ఏ రైతు?"

నాకు సమాధానము లేకపోయెను. చదువరులారా, ఆమె ప్రశ్న అల్లరి ప్రశ్న కాదు. ఆమె నగరములో పెరిగిన పిల్ల. వారి యింటికి సరకులు ఫోనులో అడిగినంత మాత్రమున వచ్చును; తెచ్చువాని పేరు తల్లి ఫోనులో కనబడును. తెచ్చినవానికే పేరున్నప్పుడు చేసినవానికి పేరుండకుండునా? అది ఆమె తర్కము. తర్కశాస్త్రములో నేనందు దోషము కనిపెట్టలేకపోతిని. పాత్రలు తోముచున్న మా పనిమనిషి మా మాటలు విని, "శారదా ఒడ్డున గానుగుంది బాబూ. అమ్మగారు అక్కణ్ణించే తెచ్చీవోరు" అనెను. ఇరువదియేండ్లు నేను తినిన బెల్లము ఎచటనుండి వచ్చినదో మా పనిమనిషికి దెలియును. నాకు దెలియదు.

ఆ మధ్యాహ్నమే తల్లిని బిడ్డను వెంటబెట్టుకొని ఆటోలో గానుగకు వెళ్లితిని. వెనుక ఎడ్లు త్రిప్పిన గానుగను ఇప్పుడు కరెంటు మోటారు త్రిప్పుచున్నది. తక్కిన పనియంతయు మనుష్యుల చేతులదే. ఒకడు చెరకు గడలను గానుగకు అందించును. రసము తొట్టిలో పడును. దానిని పెద్ద ఇనుప పెనములోనికి బోసి క్రింద మంట పెట్టుదురు. కొలతగా సున్నము కలుపుదురు. మురికి తెట్టెగట్టి పైకి దేలినకొలది దానిని చిల్లుల గరిటెతో దీసివేయుచుందురు. ఆ మంటకు కట్టెలు కొనబనిలేదు. పిండిన చెరకు పిప్పినే యెండబెట్టి పొయ్యిలో వేయుదురు. చెరకు తన రసమును తానే కాచుకొనుచున్నదన్నమాట. నూరు కిలోల చెరకు గానుగాడించినచో తుదకు మిగులునది సుమారు పది కిలోల బెల్లము. తక్కినది నీటియావిరియై పైకి బోవును, పిప్పియై పొయ్యిలో బడును. పాకము నూటపదునెనిమిది డిగ్రీల వేడిమిని చేరునప్పుడు దించవలెనని పరిశోధకులు చెప్పుదురు. గానుగవాని చేతిలో ఉష్ణమాపకము లేదు. చన్నీటిలో ఒక చుక్క విడిచి, రెండు వ్రేళ్ల నడుమ నుండజేసి చూచెను. తల యూపెను. నలుగురు పట్టి పెనమును దించిరి.

ఇదంతయు మనుమరాలు నోరు తెరచి చూచినది. పాకము పదునుకు వచ్చునప్పుడు లేచు ఆ పరిమళమునకు ఒకమారు కన్నులు మూసికొనినది. నేనా పరిమళమును బాల్యమునుండి ఎరుగుదును. ఎరుగుదునని యనుకొంటిని. ఆమె ముఖమును చూచిన పిదప నేనును కన్నులు మూసికొని పీల్చితిని.

గానుగవాడు కొంచెము పాకమును చెరకు ఆకుమీద వేసి ఆమె కిచ్చెను. మా అమ్మాయి వెంటనే, "థాంక్యూ చెప్పు" అనినది. పిల్ల "థాంక్యూ" అని అప్పజెప్పిన పాఠమువలె పలికి, ఆ వెంటనే ముఖము పైకెత్తి, "మీ పేరేంటి?" అని యడిగినది. మొదటిమాట మేము నేర్పినది. రెండవది ఆమె సొంతము. ఆ మనిషి నవ్వి తన పేరు చెప్పెను. దాని నిచట వ్రాయుటకు నేనాతని యనుమతి యడుగలేదు; కావున వ్రాయను. నాకు మాత్రము ఇప్పుడు దెలియును.

తరువాత నాతడు నావైపు తిరిగి, "మేష్టారూ, మీరు రాపోతారా అని సూస్తన్నాను. అమ్మగారి బెల్లం రెండేళ్లదీ ఉండిపోయింది" అనెను.

నాకు బోధపడలేదు. ఆతడు చెప్పిన సంగతి యిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు ఈ ప్రాంతమున చెరకు తోటలు నేలగూలినవి. ఆతని చెరకంతయు పడిపోయినది. ఆ యేడు గానుగ ఆడునో ఆడదో తెలియని స్థితిలో, నా భార్య యచటికి వెళ్లి, సంక్రాంతి బెల్లమునకు సొమ్ము ముందుగా చేతబెట్టి, "బెల్లము వచ్చినప్పుడే ఇద్దువుగాని" అని వచ్చినదట. ఆ సొమ్ము పెద్ద మొత్తము కాదు. కాని అటు తరువాత ప్రతి సంవత్సరమును ఆతడు మందు కలుపని నల్లబెల్లము నాలుగు కిలోలు ఆమె కొరకు వేరుగా దీసి యుంచుచుండెను. ఆమె వచ్చి తీసికొని పోవుచుండెను. ఆమె గతించినదని ఆతనికి దెలిసినది. అయినను తీసి యుంచుట మానలేదు. "ఎవరో ఒకరు వస్తారు కదా అని" యని చెప్పి, పాకలోనికి బోయి, పాతగుడ్డలో గట్టిన రెండు దిమ్మలను దెచ్చి నా చేతులలో బెట్టెను.

నా భార్య ఈ విషయమును నాకెన్నడును చెప్పలేదు. చెప్పదగినంత గొప్పపనిగా ఆమె దానిని తలచియుండదు. నేనును అడుగలేదు. ఆమె యున్నన్నాళ్లు మా యింట నల్లబెల్లము, ఆమె పోయిన పిమ్మట అంగడినుండి తెల్లబెల్లము. ఆ రెండింటి భేదమునైనను నా నాలుక గమనింపలేదు. నల్లబల్లమీద కృతజ్ఞతకు అర్థము వ్రాసినవాడను నేను. ఆ అర్థమును పన్నెండేండ్లకు దగ్గరగా పాతగుడ్డలో మూటగట్టి దాచినవాడు గానుగవాడు.

ఇంతలో మనుమరాలు మరియొక చిక్కు తెచ్చిపెట్టినది. రెండు రంగుల బెల్లమును చూచి కారణమడిగినది. బజారునకు పంపు బెల్లము తెల్లగా, పసుపుపచ్చగా మెరయుటకు పాకములో హైడ్రోసు అను మందు వేయుదురు. ఇంటిలోనికి ఉంచుకొనుదానిలో వేయరు. ఈ మాట విని ఆమె, "మంచిది అందరికీ ఎందుకివ్వరు?" అని నిలదీసినది.

గానుగవాడు కోపపడలేదు. "మీరే తెల్లగుండాలంతారు కదమ్మా. నల్లగుంతే బజార్లో దర పలకదు" అనెను.

ఈ మాటకు నేను మారు చెప్పలేకపోతిని. బెల్లము సహజముగా గోధుమరంగు మొదలు నల్లని రంగువరకు ఉండును. దానిని చేయువానిని ఎరుగక, చేయు విధము నెరుగక, కేవలము రంగుచూచి కొనుట మనము నేర్చుకొంటిమి. మనమెట్లు కొందుమో వారట్లు చేయుదురు. చేసినదానిని ఎరుగనివారికి మంచివస్తువు చేసి యిచ్చుట చేయువానికి నష్టము. మన కృతఘ్నత మన వంటింటిలోనికే మందై తిరిగి వచ్చుచున్నది.

మనుమరాలు అచట మరియొకరిని గూడ చూచినది. పొయ్యివద్ద ఏడేండ్ల బాలుడొకడు పిప్పిని ప్రోగుచేసి తండ్రికి అందించుచుండెను. ఆతని కుటుంబము చెరకు కాలములో కూలికి వచ్చినది. ఈమె చేతిలోని ఆకును ఆతని ముందు చాపినది. ఇద్దరును ఒకే యాకునుండి వేడిపాకమును ఊదుకొనుచు తినిరి. వేలికి అంటిన పాకము తీగవలె సాగుచుండగా ఎవరిది పొడవో యని పందెము వేసికొనిరి. ఆ బాలుని యానందము నా మనుమరాలి యానందమునకు ఇసుమంతయు తక్కువ గాదు. పిమ్మట ఆమె, "నువ్వే క్లాసు?" అని యడిగినది. ఆతడు ఏ క్లాసును గాదని తల యాడించెను.

ఇచట నేను ఆగి యొక మాట చెప్పవలెను. బాలుర సంతోషమును గూర్చి వ్రాయు మావంటివారికి ఒక దురభ్యాసము కలదు. బీదబాలుడు మట్టిలో నాడుకొనుచు నవ్వుట చూచి, "ఆహా, లేమిలో నెంత తృప్తి!" యని మురిసి, ఆ మురిపెముతో ఇంటికి బోయి సుఖముగా భోజనము చేయుదుము. బాలుని నవ్వు మనకు పాఠమే కాని, మన యుపేక్షకు అనుమతిపత్రము గాదు. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి బాలబాలికకును ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009లో చట్టము చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టమును నేను బడిలో నుండగా చదివినవాడను. గానుగ పాకలో అడుగుపెట్టినప్పుడు పొయ్యివద్ద నొక బాలుడు కలడని నేనును చూచితిని. ఏ బడి యని అడుగుట ఆరేండ్లదానికి తోచినది. ముప్పదినాలుగేండ్ల పంతులుకు తోచలేదు.

కనుమనాడు మేము శంకరము గ్రామమునకు వెళ్లితిమి. అనకాపల్లికి చేరువనే యున్న యా గ్రామములో బొజ్జన్నకొండ, లింగాలకొండ యను రెండు గుట్టలున్నవి. సంఘారామమను మాటయే శంకరమైనదని పెద్దలందురు. బౌద్ధ భిక్షువులు నివసించిన యా స్థలమును ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున అలెగ్జాండర్ రీ యనువారు త్రవ్వించిరి. ఏటేట కనుమనాడు చుట్టుప్రక్కల జనులందరును అచటికి వచ్చుట వాడుక. లింగాలకొండమీద రాతిలోనే తొలిచిన చిన్నచిన్న స్తూపములు వరుసలుగా నున్నవి. భక్తులు మ్రొక్కుబడిగా చెక్కించినవని చెప్పుదురు. వానిని చూడగానే మనుమరాలు చప్పట్లు చరచి, "తాతయ్యా, బెల్లపు దిమ్మలు!" అని యరచినది. చుట్టునున్నవారు నవ్విరి. పిదప ఆమె తన పాత ప్రశ్ననే యడిగినది: "ఇవి ఎవరు చేశారు?"

"వేయియేండ్లకు పైగా అయినది. పేర్లు తెలియవు" అంటిని.

ఆమె కొంతసేపు ఒక స్తూపముపై చేయి వేసి నిలుచుండి, "ఎవరికో తెలిసే ఉంటుందిలే" అని, వేరుశనగకాయలు అమ్ముచున్నవానివైపు పరుగెత్తినది.

ఆ మాట నన్ను విడువలేదు. విష్ణుసహస్రనామములలో కృతజ్ఞుడను నామ మొకటి కలదు. చిన్నప్పుడు విన్న మాటయే. భగవంతుడు మనకు కృతజ్ఞుడగుట యేమని ఎన్నడో విస్మయపడి, సమాధానము వెదుకక విడిచిపెట్టితిని. కొండమీద నిలుచుండగా అర్థమైనది. చేయబడినదంతయు ఎరిగినవాడు ఒకడు కలడనుటయే ఆ నామము. స్తూపము చెక్కిన కూలివాని యులి దెబ్బ, తుపానునాడు నా భార్య గానుగకు నడచిన నడక, రెండేండ్లు ఎవరును రాకున్నను తీసి యుంచిన నాలుగు కిలోల బెల్లము, ఇవన్నియు నేనెరుగకపోయినంత మాత్రమున లేనివి గాలేదు. ఎవరికో తెలిసియే యున్నవి. విశ్వాసమనగా నిదియే యని నేనిప్పుడు తలచుచున్నాను. నాకు కావలసినది జరుగునని నమ్ముట గాదు. చేసినది వ్యర్థము గాదని నమ్ముట.

అయితే ఎరిగినవాడు పైనున్నాడుగదా యని మనమెరుగక యుండవచ్చునా? మన భాషలో శ్రద్ధ యను మాటకు రెండర్థములున్నవి. నమ్మకమును శ్రద్ధయే. మనసు పెట్టుటయు శ్రద్ధయే. శ్రద్ధగా వినుము, శ్రద్ధగా వ్రాయుము అని పంతుళ్లు దినమునకు నూరుమార్లు చెప్పుదుము. ఈ రెండర్థములు వేరువేరని నేననుకొంటిని. కఠోపనిషత్తు చూడుడు. తండ్రి యజ్ఞము చేసి, పాలుడిగి బక్కచిక్కిన యావులను దానమిచ్చుచుండగా, చిన్నవాడైన నచికేతునియందు శ్రద్ధ ప్రవేశించినదని యందున్నది. శ్రద్ధ ప్రవేశింపగా ఆ బాలుడు కన్నులు మూసికొని కూర్చుండలేదు. ఆ యావులెట్లున్నవో చూచెను. "నన్నెవరికిత్తువు?" అని తండ్రి నడిగెను. పెద్దలు కోపించు ప్రశ్న యది. "మంచిది అందరికీ ఎందుకివ్వరు?" అనునదియు, "నువ్వే క్లాసు?" అనునదియు ఆ జాతి ప్రశ్నలే. బాలుడు నమ్మును గనుకనే అడుగును. సమాధానము లేదని నిశ్చయించుకొనినవాడు అడుగుట మానును. రెండేండ్లుగా నేనేమియు అడుగలేదు.

పిల్లల యానందము కేవలము అజ్ఞానమనియు, బ్రతుకు బరువు తెలిసిన పిమ్మట అది నిలువదనియు కొందరనవచ్చును. నిజమే, నా మనుమరాలు చెరకు ధర యెరుగదు, కూలి లెక్క యెరుగదు, మరణమును సరిగా నెరుగదు. కాని ఆమె చూచిన నక్షత్రములు బెల్లములో నున్నవి. లేనివానిని ఆమె కల్పింపలేదు. ఆమె యడిగిన పేరు గానుగవానికి ఉన్నది. ఆ యున్నవానిని చూడలేకపోయినది నేను. మరి అజ్ఞానము ఎవరిది?

పండుగ ముగిసినది. తల్లియు బిడ్డయు హైదరాబాదునకు వెళ్లిరి. ఆ మరునాడు నేను గానుగకు మరల పోయి, ఆ బాలుని తండ్రితో మాటలాడి, ఇద్దరిని వెంటబెట్టుకొని దగ్గరనున్న ప్రాథమిక పాఠశాలకు పోతిని. చేర్చుకొనిరి. చెరకు కాలము ముగియువరకు ఆతడు ఆరువారములు బడికి వెళ్లినాడు. కుటుంబము సొంతయూరికి బయలుదేరునప్పుడు బడినుండి కావలసిన కాగితము వ్రాయించి యిచ్చితిని. అచట చేర్చితిమని తండ్రి ఫోనులో చెప్పినాడు. వచ్చు సంవత్సరము వారు గానుగకు వచ్చినప్పుడు ఆ చదువు ఎంతవరకు నిలిచినదో తెలియును. ఇంతకన్న ఘనముగా చెప్పుకొనుటకు నాయొద్ద నేమియు లేదు. బెల్లము విషయములో మాత్రము మా వీధిలో పదకొండు ఇండ్లవారు వచ్చు సంక్రాంతికి నల్లబెల్లమే కావలెనని ముందుగా సొమ్ము కట్టిరి. గానుగవాడు ఆ సొమ్ము లెక్కించుకొని, "అమ్మగారి పద్దతే" అనెను.

సాయంకాలమున మరల దీపము వెలిగించుచున్నాను. మౌనముగా కూర్చుండుట నాకు చేతగాలేదు, మనసు నిలువదు. అందుచే నాకు చేతనైన పని యొకటి కనిపెట్టితిని. పంతులుకు హాజరు పిలుచుట వచ్చును గదా! ఒక నోటు పుస్తకములో ఆనాడు నాకొరకు ఎవరేమి చేసిరో వారి పేర్లు వ్రాసికొని, దీపము ముందు ఒక్కొక్కటిగా చదువుచున్నాను. పాలు పోసినవాడు, వీధి ఊడ్చినామె, కుళాయి నీరు విడిచినవాడు, పాత్రలు తోమునామె. మొదట కొన్ని పేర్ల కెదుట ఖాళీ యుండెను, నాకు దెలియక. మరునాడు అడిగి నింపితిని. గ్యాసు బండ మోసికొని వచ్చు యువకుడు తన పేరెందుకని మొదట సందేహించెను, పిదప చెప్పెను, ఇప్పుడు మెట్లెక్కుచునే "మేష్టారూ" అని పిలుచుచున్నాడు.

పట్టికలో మొదటి పేరు నా భార్యది. నలువదినాలుగేండ్ల కాపురములో ఆమెను నేను పేరుపెట్టి పిలిచినవాడను గాను. మా కాలపు మగవారికి అది అలవాటు లేదు. మొదటినాడు ఆ పేరు చదువుటకు గొంతు రాలేదు. ఇప్పుడు చదువగలుగుచున్నాను. ఆదివారములు మనుమరాలు ఫోను చేసి, "తాతయ్యా, ఇవాళ ఎన్ని పేర్లు?" అని యడుగును. నిన్న పదునేడని చెప్పితిని. "ఇంకా ఉంటారు, సరిగ్గా చూడు" అనినది.